జీడిపప్పు షెడ్లలో కాంతి సెన్సరులు: మిక్కిలి వేడిమి, మిక్కిలి చలువ గల తావులకు ఎట్టివి కొనవలెను?



కాశీబుగ్గ, పలాసలలో జీడిపిక్కలను ఉడికించి, ఒలిచి, పప్పు చేయు షెడ్లు ఎన్ని కలవో మన మందఱ మెఱిగినదే. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతముల తోటలనుండి పిక్క 80 కిలోల బస్తాలలో ఇచ్చటికి చేరును. మన తోటల పిక్క చాలనప్పుడు ఆఫ్రికా దేశములనుండి ఓడలపై వచ్చిన పిక్కయు ఇచ్చటనే పగులును. పూర్వము ఈ పని యంతయు చేతితోను కంటితోను సాగెడిది. ఇపుడు పెక్కు పనులను యంత్రములు చేయుచున్నవి. యంత్రమునకు చూపు కావలెను గదా. పట్టీమీద సరకు వచ్చినదా లేదా, తొట్టి నిండినదా, పిక్క ఎంత కాగినది, పప్పు తెల్లగా నున్నదా మాడినదా యని కనిపెట్టి చెప్పు చిన్న పరికరమునే సెన్సరు అందురు. కాంతిని పంపియో, వచ్చిన కాంతిని గ్రహించియో పని చేయువానిని గుఱించియే ఈ పాఠము.

దీనితో రైతునకేమి పని యని కొందఱు అడుగవచ్చును. పిక్కను బస్తాలుగా వర్తకునకు తూచి యిచ్చువానికి నిజముగా పని లేదు. కాని, నలుగురు కలిసి ఒక చిన్న షెడ్డు పెట్టుకొని, తమ పిక్కను తామే పప్పుగా చేసి అమ్మవలెనని ఆలోచించు సభ్యులకు పని కలదు. యంత్రముల ధరల పట్టీ చేతికి వచ్చినపుడు డ్రయరునకు, బాయిలరునకు ఎంతయో విచారణ చేయుదుము. దాని చివర నాలుగు పంక్తులలో నుండు సెన్సరులను మాత్రము చదువకయే సంతకము చేయుదుము. 2018 అక్టోబరు 11వ తేదీన వచ్చిన తిత్లీ తుపాను మన ఉద్దానపు జీడితోటలను, కొబ్బరితోటలను కూల్చివేసినది. కొత్తగా నాటిన మొక్క కాపునకు వచ్చుటకే కొన్ని యేండ్లు పట్టును. అట్టి తోటనుండి వచ్చిన పిక్క ఒక సెన్సరు తప్పువలన డ్రయరులో మాడి, తెల్లగుండు కావలసిన పప్పు మాడుగుండు క్రింద అమ్ముడువోయినచో ఆ నష్టము ఎవరిదో చెప్పనక్కఱలేదు.

వేడిమి చేయు చెఱుపు

సామాన్యముగా అంగడిలో దొరకు కాంతి సెన్సరులో రెండు భాగము లుండును. ఒకటి కాంతిని పంపు డయోడు. రెండవది ఆ కాంతిని అందుకొను గ్రాహకము. ఈ రెండును వేడిమికి ఓర్వలేనివే, కాని చెడు తీరు వేఱు. పంపు డయోడు వేడెక్కిన కొలది దాని వెలుగు సన్నగిల్లును. కంటికి కనబడని పరారుణ కాంతి నిచ్చు డయోడులలో ఈ తగ్గుదల డిగ్రీకి సుమారు అర శాతము. 25 డిగ్రీల గదిలో సరిచూచి బిగించిన సెన్సరు 65 డిగ్రీల తావునకు వచ్చినచో వెలుగులో అయిదవ వంతు పోయినట్లే. గ్రాహకము సంగతి ఇంతకన్న కష్టము. ఏ కాంతియు తగులకున్నను దానిలో కొంత దొంగ విద్యుత్తు పాఱుచుండును. అది ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపగుననుట స్థూలమైన లెక్క. 25 నుండి 65కు నాలుగు మెట్లు. రెండును నాలుగు మారులు హెచ్చింపగా పదునాఱు రెట్లు. ఒకవైపు మాట చెప్పువాని గొంతు తగ్గుచుండ, వినువాని చెవిలో హోరు పదునాఱు రెట్లు పెరిగినచో ఏమి వినబడును? సెన్సరు అబద్ధము చెప్పుటకు ఇదియే మొదటి కారణము.

అందుచేతనే ప్రతి సెన్సరు పత్రమునందును 'పని చేయు తాప పరిమితి' యని ఒక పంక్తి యుండును. సాధారణపు సెన్సరులకు ఇది సున్నకు దిగువ 25 డిగ్రీల సెంటీగ్రేడు మొదలు 55 డిగ్రీల వఱకు నుండుట వాడుక. కొన్ని 60, 70 వఱకును పోవును. ఆ పంక్తి క్రిందనే 'నిలువ యుంచు తాప పరిమితి' యని మఱియొక అంకె యుండును. అది ఎక్కువగా కనబడును. విద్యుత్తు లేకుండ పెట్టెలో నుంచుటకు మాత్రమే అది వర్తించును. అమ్మువాడు రెండవ అంకెను చూపి మొదటిదానికి బదులు చెప్పుట నేను కన్నులార చూచితిని. అడుగువా డెఱిగియుండవలెను.

నేను చూచిన ఒక షెడ్డులో పప్పు ఆరబెట్టు డ్రయరు బయటి పట్టీమీద ట్రేలను లెక్కించు సెన్సరు ఒకటి యుండెను. ఉదయము చక్కగా పని చేయును. మధ్యాహ్నము రెండు గంటలైన పిమ్మట ట్రే రాకున్నను వచ్చినదని చెప్పును. సాయంకాలమునకు మరల బుద్ధి వచ్చును. మేస్త్రీ దానిని రెండు మారులు మార్చెను. కొత్తదియు అట్లే చేసెను. గాలి చెడినదని, కరెంటు హెచ్చుతగ్గు లని, సరకు చెడ్డదని ఎవరికి తోచినట్లు వారు చెప్పిరి. తుదకు సెన్సరును బిగించిన ఇనుప పట్టీకే ఒక థర్మామీటరును కట్టి చూడగా మే నెల మధ్యాహ్నమున 68 డిగ్రీలు చూపెను. సెన్సరు పరిమితి 55. గదిలో గాలి 42 డిగ్రీలే; కాని డ్రయరు గోడనుండి వచ్చు వేడిమి ఇనుము ద్వారా ప్రాకి సెన్సరును చేరుచుండెను. గాలి వేడిమిని చూచి సెన్సరును కొనుట తప్పని ఆ నాడు తెలిసినది.

కనుక కొనుటకు ముందు చేయవలసిన పని చాల చిన్నది. సెన్సరు నుంచదలచిన తావుననే, ఒక ఇనుప రేకుముక్కకు థర్మామీటరును తాకునట్లు కట్టి, రెండు మూడు దినములు గంటకొకమారు వ్రాసికొనుడు. జీడిపిక్క రాబడి మార్చి మొదలు మే వఱకు నుండును గదా. ఎండయు పనియు ఒక్కటే కాలమున ముమ్మరమగును. జనవరిలో తీసిన అంకె మే నెలకు చెల్లదు. రేకుల కప్పు క్రింద, పైతట్టున, వేడిమి ఎక్కువ; నేలకు ఒక గజము ఎత్తున తక్కువ. ఆ వ్రాసికొన్న వానిలో అత్యధికమైన అంకెకు మఱియొక పది డిగ్రీలు కలిపి, ఆ మొత్తమునకు మించిన పరిమితి గల సెన్సరునే అడుగుడు.

ఇంకొక సంగతి కలదు. దీనిని పెక్కురు మఱచుచున్నారు. మన ప్రాంతమున కరెంటు పోవుట క్రొత్త గాదు. డ్రమ్ము చెంతనున్న సెన్సరునకు చల్లగాలి యూదు ఏర్పాటు చేసితి మనుకొనుడు. కరెంటు పోవగానే గాలి ఆగును; సెన్సరు కూడ ఆగును; కాని కాగిన డ్రమ్ము మాత్రము గంటలకొలది వేడిగానే యుండి, ప్రక్కనున్న దానిని ఉడికించును. సెన్సరులు పని చేయునపుడు గాక, పని లేనపుడు చెడిపోవుట ఇట్లే జరుగును. 'నిలువ యుంచు పరిమితి' అను అంకె నిజముగా పనికివచ్చు చోటిది. చల్లగాలిపై ఆధారపడుటకన్న సెన్సరును దూరముగా నుంచుట మేలని నా అభిప్రాయము.

గాజు నారల ఉపాయము

దూరముగా నుంచియు దగ్గఱగా చూచుట ఎట్లు? దీనికి గాజు నారల కట్ట కలదు. వెండ్రుకవంటి సన్నని గాజు పోగుల నొక కట్టగా చేర్చి, ఉక్కు గొట్టపు తొడుగులో నుంచెదరు. కాంతి ఒక కొసన ప్రవేశించి, గోడలకు తగిలి తగిలి, వంపులు తిరిగి, రెండవ కొసన బయటికి వచ్చును. డయోడు, గ్రాహకము మొదలగు సుకుమారమైన భాగములన్నియు చల్లని తావున గోడవెనుక పెట్టెలో నుండును. వేడి తావునకు పోవునది గాజు, ఉక్కు మాత్రమే. ఉక్కు తొడుగు గల గాజు నారలలో 250 డిగ్రీలకును, అంతకు మించియు ఓర్చునవి దొరకును. ప్లాస్టిక్కు నారలు చౌక. కాని వానిలో సాధారణమైనవి 70 డిగ్రీల చెంతనే మెత్తబడును. డ్రయరు లోపల 70 డిగ్రీల చేరువ వేడిమి యుండును గనుక ప్లాస్టిక్కు నార అంచుపై నడచినట్లుండును. ధరల పట్టీలో 'ఫైబరు' అని మాత్రమే వ్రాసియున్నచో గాజా, ప్లాస్టిక్కా యని వ్రాతమూలముగా అడుగవలెను. పైన చెప్పిన షెడ్డులో గాజు నారను వేసి, పెట్టెను ఉత్తరపు గోడకు మార్చిన పిదప లెక్క తప్పలేదు.

గాజు నారకును దోషములు లేకపోలేదు. గట్టిగా వంచిన లోపల పోగులు తెగి, కాంతి తగ్గును. నిత్యము కదలు భాగమునకు దానిని కట్టరాదు. కొసమీద జీడిపొగ జిడ్డు పేరుకొన్నచో గుడ్డతో తుడువవలసినదే. జీడిపిక్క పెంకులోని నూనె సంగతి మీకు తెలియును. చేతికి తగిలిన చర్మము పొక్కును. ఆ నూనె ఆవిరియై చల్లని గాజుపై వాలినచో పసుపుపచ్చని జిగురు పొరగా గట్టిపడును. డ్రమ్ములో కాల్చు పద్ధతి గల షెడ్లలో ఇది మిక్కుటము. ఆవిరితో ఉడికించు షెడ్లలో తక్కువ.

ఆవిరి యున్నచోట

ఉడికించు తొట్టిలో పిక్క ఎంతవఱకు నిండినదో తెలిసికొనుటకు కాంతి సెన్సరును పెట్టెదమని ఒక అమ్మకందారుడు చెప్పగా వింటిని. ఇది నా దృష్టిలో ధన వ్యయము. ఆవిరి తెల్లని తెర. కాంతి దానిని దాటలేదు. అద్దముపై చెమట పట్టును. తుడిచిన మఱుక్షణమే మరల పట్టును. అట్టిచోట తిరుగు రెక్కతో పని చేయు సాధనమో, మఱియొక రకమో చాలును. తొట్టిలోని వేడిమికి ఆవిరి పీడనపు గడియారమును, లోహపు తీగె థర్మామీటరును ఉన్నవి. అవి శతాబ్దమునకు మించి పరీక్షకు నిలిచినవి. కాంతితో చేయదగని పనిని కాంతితో చేయింపబూనుట వలదు.

తాకకుండ వేడిమిని కొలుచుట

తిరుగుచున్న కాల్పు డ్రమ్మునకు తీగె థర్మామీటరును కట్టుట కష్టము. అచ్చట దూరమునుండియే వేడిమిని చదువు పరికరము ఉపయోగపడును. దాని మూలము 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు కనుగొనిన విషయము. ఆయన సూర్యకాంతిని పట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో థర్మామీటరు నుంచి చూడగా, ఎఱుపునకు ఆవల, కంటికేమియు కనబడని చోట వేడిమి మఱింత హెచ్చుగా నుండెను. వేడి గల ప్రతి వస్తువును ఇట్టి కనబడని కిరణములను వెలువరించును. వస్తువు ఎంత కాగిన అంత హెచ్చుగా వెలువరించును. ఈ కిరణములను కొలిచి, దానినిబట్టి వేడిమిని చెప్పుటయే పరికరము పని.

ఇచ్చట మూడు మోసము లున్నవి. మొదటిది మెఱుపు. నల్లగా, గరుకుగా నున్న వస్తువు తన వేడిమికి తగినన్ని కిరణములను పంపును. జీడిపిక్క పెంకు అట్టిదే. మెఱుగు పెట్టిన ఉక్కు మాత్రము తన వేడిమిని దాచుకొని, చుట్టునున్న గోడల కిరణములను అద్దమువలె తిప్పి పంపును. మెఱయు డ్రమ్మువైపు పరికరమును త్రిప్పినచో 200 డిగ్రీలు గలదానిని ఎంతో తక్కువగా చూపును, పనివాడు అది నమ్మి మంట పెంచును, పిక్క మాడును. పరిహారము సులభము. వేడికి ఓర్చు నల్లరంగును, మెఱయనిదానిని, డ్రమ్మునకు అఱచేతి వెడల్పున చుట్టూ పూయించి, ఆ పట్టీనే చూచునట్లు పరికరమును బిగింపవలెను.

రెండవది దూరము. ఈ పరికరము ఒక్క చుక్కను గాక ఒక వలయమును చూచును. '10కి 1' అని వ్రాసిన పరికరము ఒక మీటరు దూరమునుండి 10 సెంటీమీటర్ల వలయమును చూచును. రెండు మీటర్లనుండి 20 సెంటీమీటర్లు. నల్లపట్టీ అంతకన్న సన్నమైనచో ప్రక్కనున్న మెఱయు ఉక్కుకూడ లెక్కలో చేరును.

మూడవది అద్దము. ఈ తక్కువ వేడిములకు వాడు పరికరములు సామాన్యముగా 8 మొదలు 14 మైక్రానుల పొడవు గల కిరణములను గ్రహించును. మామూలు కిటికీ గాజు వానిని లోపలికి పోనీయదు. పొగ తగులునని గాజుపలకను అడ్డము పెట్టినవారు గాజు వేడిమిని చదువుచున్నారే గాని డ్రమ్ము వేడిమిని గాదు. అడ్డమే కావలెనన్నచో అందుకై చేసిన వేఱు పలకను తెప్పింపవలెను. లేదా పొగను దూరముగా నెట్టుటకు కొసవద్ద సన్నని గాలి ధారను వదలవలెను. ఆ గాలిలో నూనె, తేమ యుండరాదు.

బాయిలరు మంటను కాచు సెన్సరు వేఱు జాతిది. ఎఱ్ఱగా కాలు నిప్పే కాంతిని వెదజల్లును గనుక మామూలు కాంతి సెన్సరును దాని యెదుట నుంచిన ఎండలో దీపము పెట్టినట్లే యగును. దానిని బాయిలరు చేసినవారి సలహాపైనే కొనుడు.

పప్పు రంగును వేఱుచేయు యంత్రము

సెన్సరు తప్పు నేరుగా రూపాయలలో తగులునది ఇచ్చటనే. పౌనుకు 300 మొదలు 320 గుండ్లు తూగు పప్పును డబ్ల్యు 320 అనియు, 220 మొదలు 240 తూగుదానిని డబ్ల్యు 240 అనియు అందురని మీరెఱుగుదురు. పరిమాణ మెంత ఘనమైనను, రంగు మాసినచో తెల్లగుండు వరుసలో చేరదు. రంగు యంత్రములో పప్పు జారుచుండగా కెమేరాలు చూచి, మాసినదానిని గాలి దెబ్బతో ప్రక్కకు త్రోయును. దీపములు చల్లగా నున్నపుడు ఒక తీరు, వేడెక్కిన పిమ్మట మఱియొక తీరు వెలుగును గనుక, యంత్రమును వేసిన వెంటనే పప్పు పోయరాదు. అరగంట ఖాళీగా నడపి, తెల్ల పలకతో సరిచేసికొన్న తరువాతనే పోయవలెను. షెడ్డులో వేడిమి పెరిగిన కొలది తెలుపునకు, మాడుకు మధ్యనున్న గీత జరుగును.

దీనిని పరీక్షించుటకు నేర్పేమియు అక్కఱలేదు. చేతితో ఏరిన రెండు కిలోల తెల్లగుండ్లను ఉదయము ఎనిమిది గంటలకు ఒకమారు, మధ్యాహ్నము రెండు గంటలకు ఒకమారు అదే యంత్రములో పోసి, ప్రక్కకు త్రోసినవానిని లెక్కింపుడు. రెండు లెక్కలు దగ్గఱగా నున్న యంత్రము మంచిది. మధ్యాహ్నపు లెక్క చాల హెచ్చినచో, యంత్రపు గదిని చల్లబఱచవలెను; యంత్రమును మార్చుట తరువాతి మాట. ఈ పరీక్షను ఏరుడు స్త్రీలచేత చూపింపుడు. వారి కన్ను ఏ కెమేరాకును తీసిపోదు.

చలువ గదులు

మన పప్పునకు గడ్డకట్టు చలువ అవసరము లేదు గనుక దీనిని క్లుప్తముగానే చెప్పెదను. కాని తీరమున రొయ్యలు పెంచు సభ్యులు కొందఱు కలరు. గడ్డకట్టిన రొయ్యలను సున్నకు దిగువ 18 డిగ్రీలలో నిలువ యుంచుదురు. అట్టి గదిలో సెన్సరును చెఱచునది చలికన్న ముందు మంచుపొరయే. తలుపు తెఱచినంతనే ఉప్పుగాలి తేమతో లోపలికి దూరును. చల్లని అద్దముపై చెమటగా పట్టి, వెంటనే గడ్డకట్టును. అద్దమును వెచ్చగా నుంచు చిన్న తాపకము గల సెన్సరు ఇందుకు తగినది. రాత్రులందు సెన్సరునకు కరెంటు ఆపరాదు. దాని సొంత వెచ్చదనమే కొంత కాపు. మామూలు పి.వి.సి. తీగెలు ఆ చలిలో బిఱుసెక్కి పగులును. పాలియురెథేను తొడుగు గలవానిని కోరవలెను.

సెన్సరులలో పంపుభాగము ఒకవైపు, అందుకొనుభాగము ఎదుటివైపు నుండునది ఒక రకము. రెండును ఒక్కచోటనే యుండి ఎదుట అద్దపుబిళ్ళ కాంతిని త్రిప్పి పంపునది మఱియొక రకము. రెండవది చౌక, తీగె పని తక్కువ. కాని మంచుపొర పట్టినపుడు లెక్క చూడుడు. ఒక పొర కాంతిలో నూటికి 70 వంతులు పోనిచ్చు ననుకొనిన, మొదటి రకములో కాంతి రెండు పొరలను దాటి 49 వంతులు మిగులును. రెండవదానిలో బిళ్ళలోనికి పోవుచు, బయటికి వచ్చుచు కలిపి నాలుగు పొరలు. మిగులునది 24 వంతులే. జీడిపొగ జిడ్డునకును ఇదే లెక్క. అందుచేత మంచు, పొగ, ధూళి యున్నచోట ఎదురెదురు రకమునే కొనుడు; దూరమును గూడ ఘనముగా కోరుడు. 20 మీటర్లు చూడగల ఎదురెదురు సెన్సరును 2 మీటర్లలో వాడినచో అవసరమైనదానికి నూఱు రెట్లు కాంతి చేరును. పొరవలన సగము పోయినను ఏబది రెట్లు మిగిలియుండును.

కొనుగోలు పత్రము

పత్రములందు 'ఐ.పి. 67' అను గుర్తు గొప్పగా అచ్చువేసి యుండును. ధూళి లోపలికి పోదని, ఒక మీటరు లోతు నీట అరగంట యుంచినను తడియదని దాని అర్థము. వేడిమికి, చలికి ఓర్చునని అందులో ఒక్క మాటయు లేదు. సముద్రపు గాలి తగులు మన ఊళ్ళలో ఇత్తడి, జింకు పూత మరలు త్వరగా చిలుమెక్కును. తుప్పుపట్టని ఉక్కు మరలను అడుగుట మంచిది.

ధర చెప్పినవారిని ఈ మాటలు పత్రముపై వ్రాసి యిమ్మనుడు: ప్రతి సెన్సరు ఏ తావున నుండును, ఆ తావున మనము కొలిచిన అత్యధిక, అత్యల్ప వేడిమి ఎంత, సెన్సరు పని చేయు పరిమితి ఎంత, నార గాజా, ప్లాస్టిక్కా, చెడిన భాగము ఎన్ని దినములలో కాశీబుగ్గకు చేరును. ఈ కడపటి ప్రశ్న చిన్నది గాదు. పిక్క ముమ్మరముగా వచ్చు ఏప్రిలులో డ్రయరు వారము దినములు ఆగినచో, ఉడికించిన పిక్క ఎదురుచూడదు. తావునకొకటి చొప్పున గాకున్నను, రకమున కొకటి చొప్పున అదనపు సెన్సరును సంఘపు బీరువాలో నుంచుట యుక్తము. సొమ్ములో కొంత భాగమును మే నెల మధ్యాహ్నపు పరీక్ష ముగిసిన పిమ్మట చెల్లించునట్లు ఒప్పందములో వ్రాయించుకొనుడు. డిసెంబరులో బిగించి, డిసెంబరులోనే పరీక్షించి, సొమ్ము పుచ్చుకొని పోవుటకు ఎవరైన తొందరపడినచో సంతకము చేయకుడు.